కుడికి ఒరిగిన ఇటలీ బండి

ఆ రోజుల్లో అంటే మరీ పురాతన కాలమేమీ కాదు, పన్నెండేళ్ల కిందటి మాట. అప్పటికే నా చేతిలో టచ్ ఫోను ఉంది, పెదవి మీద వెంట్రుకలు లెక్కపెట్టగలిగేంత మీసం ఉంది, పెట్టెలో ఐటీఐ సర్టిఫికెట్టు ఉంది. ఇంక ఈ లోకంలో నేను తెలుసుకోవలసిందేమీ మిగల్లేదని నా అభిప్రాయం. (ఆ వయసులో అందరికీ ఇలాగే ఉంటుందట. నాకు మాత్రం మోతాదు ఎక్కువని మా పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది.) మా నాన్న ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో క్రేను నడిపేవాడు. నన్నూ అటే తోసేద్దామనుకున్నాడు. నేను మొండికేసి పెదనాన్న గ్యారేజీలో చేరాను. పెదనాన్న చిన్నతనంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, డాకు గోడ పక్కన రేకుల షెడ్డు వేసుకుని, ఇంజను చప్పుడు విని రోగం చెప్పే మనిషిగా పేరు తెచ్చుకున్నాడు. చుట్టుపక్కల బెంగాలీ వాళ్లు ఆయన్ని ‘డాక్తార్ దాదా’, అంటే డాక్టరన్నయ్య, అనేవారు. చేరిన మొదటిరోజే నాకు ఒకే ఒక్క షరతు పెట్టాడు.

“తప్పు సేస్తే దిద్దుతాను. దాచినావంటే మాత్రం ఇక్కడుండొద్దు. సక్కా మీ నాన్న కాడికెల్లి క్రేనెక్కు.”

నాకు డాబా మీంచి కిందికి చూస్తేనే కళ్లు తిరుగుతాయి. బుద్ధిగా తలూపాను.

మా గ్యారేజీకి వచ్చే బళ్లలో ఇటలీ మేడమ్ బండి ఒకటి ఉండేది. మేడమ్ ఇటలీ ఆవిడ కాదు, అచ్చమైన బెంగాలీ. సాల్ట్ లేక్‌లో ఇల్లు, సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగం. ఇటలీ నుంచి వచ్చింది బండి. చూడ్డానికి అది మా తాతలు కుర్రాళ్లుగా ఉన్నప్పటి బండిలా ఉండేది. గుండ్రటి హెడ్‌లైటు, తీగల చక్రాలు, మోకాళ్లు ఒదిగేటట్టు రెండు పక్కలా నొక్కులున్న పొడుగాటి టాంకు, మొహం చూసుకోదగ్గ క్రోమియం గొట్టాలు. లోపల మాత్రం అంతా కొత్తదే. ఇంజనులోకి పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటరే చూసుకుంటుంది. వయసు దాచుకునే మనుషుల్ని బోలెడుమందిని చూశాను గానీ, లేని వయసు చూపించుకునే వస్తువుని చూడటం నాకు అదే మొదలు. టాంకు కింద నుంచి రెండు సిలిండర్లు చెరోపక్కకి, నడుం మీద చేతులు పెట్టుకున్న మనిషి మోచేతుల్లా పొడుచుకొచ్చి ఉండేవి. దాన్ని తుడిచే పని నాకు అప్పగించిన రోజు, గొలుసుకి నూనె వేద్దామని డబ్బా పట్టుకుని రెండు ప్రదక్షిణాలు చేశాను. గొలుసు కనబడలేదు. ఎవరైనా ఎత్తుకుపోయారేమోనని షెడ్డు బయట కూడా వెతికాను. వెనక చక్రాన్ని తిప్పేది గొలుసు కాదని, ఆ లావుపాటి గొట్టంలో దాగిన ఇనుప కడ్డీ అని పెదనాన్న చెప్పాక, అదంతా ముందే తెలిసినట్టు మొహం పెట్టాను.

“తుడు. అంతే. తాళం ముట్టుకోకు,” అన్నాడు పెదనాన్న.

ఆ ఏడాది విశ్వకర్మ పూజకి రెండు రోజుల ముందు మేడమ్ ఆ బండిని మా దగ్గర వదిలింది. పూజ మర్నాడు తెల్లవారుజామునే కొండల వైపు బయల్దేరుతుందట. పెదనాన్న నూనె మార్చి, రెండు పక్కలా సిలిండరు మూతలు విప్పి, లోపల కవాటాల్ని తెరిచే ట్యాపెట్లు సరిచేసి, మూతలు బిగించి, పని పూర్తయిందని మా పెద్దమ్మ దుప్పటి ఒకటి దానిమీద కప్పాడు.

పూజనాడు యంత్రాలకి సెలవు. పానాలు, సుత్తులు అన్నీ కడిగి, సిందూరం బొట్లు పెట్టి, విగ్రహం పాదాల దగ్గర పేరుస్తాం. మర్నాటి వరకు పానా ముట్టకూడదు, ఇంజను తిప్పకూడదు. ముప్ఫై ఏళ్లలో పెదనాన్న ఒక్కసారి కూడా ఆ నియమం తప్పలేదు. ఆ పొద్దున ఆయన పురోహితుణ్ణి తీసుకురావడానికి వెళ్లాడు, పెద్దమ్మ ఇంటి దగ్గర ప్రసాదానికి ఖిచుడి వండే పనిలో ఉంది. షెడ్డులో నేనూ, ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మా, దుప్పటి కప్పుకున్న ఇటలీ బండీ మిగిలాం. పురోహితుడు వచ్చేదాకా దేవుడి మొహానికి న్యూస్‌పేపరు చుట్టి ఉంచుతారు. నాకు ధైర్యం వచ్చింది ఆ పేపరు వల్లనే. ఆయన ఎలాగూ చూడడు, ఒక్క నిమిషం వీడియో తీసుకుంటే ఎవరికి నష్టం అనుకున్నాను.

ఫోనుని పెయింటు డబ్బాకి ఆనించి పెట్టాను. దుప్పటి తీశాను. తాళం తిప్పి, బండెక్కి, స్టాండు తీసి, సినిమా హీరోలా గడ్డం పైకెత్తి మీట నొక్కాను. ఇంజను గుడగుడమని అందుకుంది. అంతటితో దిగిపోయి ఉంటే ఈ కథే లేదు. వీడియోలో చప్పుడు గట్టిగా రావాలని కుడి పిడి మెలితిప్పి ఒక్కసారి గేసిచ్చాను.

బండి కుడిపక్కకి ఒరిగింది. నేను ఒరగలేదు, నేలా ఒరగలేదు. నిలబడ్డ చోటే, ఎవరో ఎడం భుజం మీద చెయ్యేసి తోసినట్టు అది కుడికి విదిలించుకుంది. వెంటనే ఆపేశాను. దేవుడి వైపు చూశాను. గాలికి ఆ న్యూస్‌పేపరు కాస్త ఎగిరి, ఒక కన్ను కనబడుతోంది.

మళ్లీ స్టార్టు చేశాను. భ్రమేమో అని ఆశ. గేసిచ్చాను. మళ్లీ కుడికే. మూడోసారి చేసే ధైర్యం లేకపోయింది. అప్పుడు నా ఐటీఐ చదువు పనిచెయ్యడం మొదలెట్టింది. కుడికి ఒరుగుతోందంటే కుడివైపు ఏదో వదులై ఉండాలి. కుడివైపు ఉన్నదేమిటి? సిలిండరు. దాని మూత నిన్ననే విప్పి బిగించారు. ఇంకేం కావాలి రుజువు? దేవుడి పాదాల దగ్గర నుంచి, సిందూరం బొట్టుతో సహా, సరిపోయే పానా ఒకటి తీశాను. లెంపలు వేసుకుని మూత బోల్టులు ఒక్కొక్కటే బిగించడం మొదలెట్టాను. భయంలో ఉన్న మనిషికి ఎంత బలం వస్తుందో అప్పుడు తెలిసింది. మూడో బోల్టు దగ్గర చేతికి అడ్డు తగలడం మానేసింది. పానా తేలిగ్గా, వెన్నలో గరిట తిరిగినట్టు తిరిగిపోయింది. లోపల అల్యూమినియం త్రెడ్డు మొత్తం ఊడిపోయింది.

ఆ తర్వాత మూడు గంటలు నేను ఎలా బతికానో నాకే తెలియదు. పానా తుడిచి మళ్లీ పాదాల దగ్గర పెట్టాను. దుప్పటి కప్పాను. వీడియో చెరిపేశాను. పురోహితుడు వచ్చాడు, పేపరు తీశారు, మంత్రాలు చదివారు. నేను దేవుడి మొహం తప్ప మిగతావన్నీ చూశాను. ఆకాశం నిండా గాలిపటాలు, ఒకరి పటం తెగినప్పుడల్లా పక్క డాబాల మీంచి ‘భోకాట్టా’ అని కేకలు. తెగిన ప్రతి పటాన్నీ చూసి నా ఉద్యోగమే తెగిపడుతోందని అనుకున్నాను. ఆ బోల్టు బయటికి బాగానే కనబడుతోంది కదా, ఎవరు చూస్తారులే అని ఒక గొంతు లోపల అంటూనే ఉంది. మేడమ్ కొండ ఎక్కుతుంటే ఆ మూతలోంచి వేడి నూనె కారి టైరు మీద పడితే, అని ఇంకో గొంతు. ఈ రెండో గొంతు ఎంత సన్నగా ఉన్నా దాన్ని ఆపడం నా వల్ల కాలేదు. అయినా నోరు విప్పలేదు. క్రేను కళ్లముందు కదలాడుతోంది.

మధ్యాహ్నం ప్రసాదం వేళకి మేడమ్ వచ్చింది. ఒక్కతే కాదు, వాళ్లమ్మని వెంటబెట్టుకుని. సన్నటి అంచు నేతచీర, భుజాన గుడ్డసంచీ, పిడికెడంత మనిషి. అందరూ మాషిమా, అంటే పిన్నిగారూ, అని పిలిచారు. మేడమ్ మా పెదనాన్నతో నవ్వుతూ బెంగాలీలో చెప్పింది.

“దాదా, ఈసారి అమ్మని వెనక కూర్చోబెట్టుకుని వెళ్తున్నాను. మంచుకొండలు చూపించమని ఎన్నాళ్లనుంచో అడుగుతోంది. కారులో అయితే రానంటోంది.”

“కారులో కొండ ఎక్కడ కనబడుతుంది? డ్రైవరు మెడ కనబడుతుంది,” అంది మాషిమా. దుప్పటి తీయించి సీటు మీద చెయ్యేసి నొక్కి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. “దీన్ని రోజూ తుడిచేది నువ్వేనట కదా నాన్నా? నువ్వు చూసుకున్న బండి మీద నాకు భయం లేదు,” అని సంచీలోంచి సందేశ్ తీసి, నా నోట్లోనే పెట్టింది.

ఆ మిఠాయి మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. ఏడుపు ముందొచ్చింది, మాటలు వెనకొచ్చాయి.

“పెదనాన్నా, బండి నాను పాడుసేసాను.”

పెదనాన్న చేతిలో ఖిచుడి ఆకు అలాగే ఆగిపోయింది. “ఏటి?”

“పొద్దున స్టార్టు సేసినాను. గేసిచ్చేసరికి ఒరిగిపోనాది. దేవుడికి కోపమొచ్చినాది.”

“ఏ పక్కకి ఒరిగినాది?”

“కుడి పక్కకి,” అని, ఎలా ఒరిగిందో ఒంటితో కూడా చూపించాను.

మేడమ్‌కి తెలుగు రాదు. కానీ నేను కుడికి వంగడం చూసి ఆవిడకి అంతా అర్థమైపోయింది. పకపకా నవ్వడం మొదలెట్టింది. పెదనాన్న మీసాల కింద కూడా ఏదో కదిలింది. మామూలు బళ్లలో ఇంజను లోపలి ఇరుసు అడ్డంగా ఉంటుందని, దీన్లో ముందునుంచి వెనక్కి పొడుగ్గా ఉంటుందని, అది ఉన్నట్టుండి జోరందుకుంటే బండి మొత్తం ఓ పక్కకి విదిలించుకుంటుందని ఆవిడే వివరించింది. “ఇది జబ్బు కాదు భాయ్, దీని పుట్టుకే అంత. కొనేముందు నడిపి చూసినప్పుడు ఆ కుదుపుకే నేను మనసు పారేసుకున్నాను,” అంది.

“బోరు మోటారు స్విచ్చెయ్యగానే పక్కకి ఎగురుతాది సూడు, అదే ఇది,” అన్నాడు పెదనాన్న. “ఒరిగితే ఒరిగినాది గానీ, మరి నువ్వు పాడుసేసిందేటి?”

నేను మూడో బోల్టు చూపించాను. దాని తలమీద సిందూరం మరక ఇంకా ఎర్రగా ఉంది. పెదనాన్న రెండు వేళ్లతో తిప్పాడు. అది గుండ్రంగా తిరుగుతూనే ఉంది. అందరి నవ్వూ ఆగిపోయింది. లేని జబ్బుకి వైద్యం చేసి నిజం జబ్బు తెచ్చిపెట్టానని అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది.

మేడమ్ నెమ్మదిగా అంది, “ఫర్వాలేదు దాదా. ఇవాళ పానా ముట్టరు కదా. ఎల్లుండి వెళ్తాం.”

పెదనాన్న ఖిచుడి ఆకు కింద పెట్టి, చెయ్యి కడుక్కున్నాడు. కోపమో, బాధో తెలియదు. చివరికి విగ్రహం ముందుకు వెళ్లి చేతులు జోడించాడు. “సామీ, ముప్పై ఏళ్లుగా సెలవు తీసుకున్నాను. ఇరిగిన బండి నీ ముందరెట్టి నీకు పూజేటి సెయ్యను? ఇయ్యాల నాకు సెలవొద్దు,” అన్నాడు. వంగి, పాదాల దగ్గర నుంచి పానా తీశాడు. నా కళ్లలోంచి నీళ్లు ఆగలేదు. క్రేను ఎక్కమన్నా ఇంత బాధ పడేవాణ్ణి కాదు.

ఊడిన కన్నాన్ని పెద్దది చేసి, కొత్త త్రెడ్డు కోసి, స్ప్రింగులా చుట్టిన ఉక్కుతీగ అందులోకి ఎక్కించాడు. లైటు పట్టుకున్నది నేనే. నేను కళ్లు తుడుచుకున్నప్పుడల్లా వెలుగు ఊగుతుంటే ఆయన తలెత్తకుండా, నాకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు.

“ఈ బండి మొదటిసారి ఒచ్చినప్పుడు నానూ గేసిచ్చినాను. ఒరిగిపోనాది. రెండు రోజులు అన్నం సయించలేదు. బోల్టులన్నీ ఇప్పి బిగించినాను. మూడోనాడు సిగ్గొగ్గేసి ఆయమ్మనే అడిగినాను.”

“మరి నాకు సెప్పలేదేం పెదనాన్నా?”

“డాక్టరునని పేరెట్టినారు కదరా. ఎలా సెప్పీది?”

మర్నాడు చీకటి ఉండగానే తల్లీకూతుళ్లు బయల్దేరారు. వెళ్లేముందు మేడమ్ గేసిస్తే బండి కుడికి విదిలించుకుంది, మాషిమా ‘ఓ మా గో’ అని కూతురి నడుం పట్టుకుని, తర్వాత చిన్నపిల్లలా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ తర్వాత పది రోజులూ ఫోను మోగితే చాలు, ఏ లోయ దగ్గర నుంచో అనిపించేది. నా ఫోను ఎప్పుడు మోగినా పెదనాన్న చేతిలో పని ఆగిపోయేది.

పదకొండో రోజు ఫోను వచ్చింది. మాషిమా గొంతు. ఇల్లు చేరామని చెప్పింది. “ఒక్క చుక్క కూడా కారలేదు నాన్నా,” అంది. “బండి ఆగిన ప్రతిచోటా దిగి, వంగి, ఆ మూత కింద నా చీరచెంగు పెట్టి తుడిచాను. తెల్లచెంగు తెల్లగానే ఉంది.”

నేను వెంటనే అడిగేశాను. “మాషిమా, నేను తుడిచిన బండి మీద మీకు భయం లేదన్నారు కదా?”

“అప్పటికే నీ మొహం ఏడుపుమొహంలా ఉంటే, నాకూ భయమేస్తోందని ఎలా చెప్పను?” అంది ఆవిడ.

ఇప్పుడు ఆ షెడ్డు నేనే నడుపుతున్నాను. చప్పుడు విని రోగం చెబుతాననే పేరు కూడా వచ్చింది. (సగం సార్లు ఊహించి చెబుతాననే సంగతి మీకు చెప్పినా ఫర్వాలేదు, మీరు నా కస్టమర్లు కాదు.) ఇరవయ్యేళ్ల ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ షెడ్డులో భయపడుతున్నది తానొక్కడేనని వాడు ఎంత గట్టిగా నమ్మాడో. పక్కనే ఇద్దరు పెద్దవాళ్లు అంతే భయాన్ని ఒకరు మీసం వెనకా, ఒకరు చీరచెంగులోనూ దాచుకుని నిలబడ్డారని తెలిసుంటే, పాపం, ఆ సందేశ్ అయినా సుఖంగా మింగేవాడు.