బంగారంలా చేసుకుంటుందండీ

లాండ్రీలో అందరూ ఆమెను దొరసాని అంటారు. పలకరిస్తే పలకదు, నవ్వితే నవ్వదు, అందుకని. అది గర్వం కాదని, ఆవిరి ఇస్త్రీ యంత్రం చప్పుడు తలలో దూరితే ఆ పిల్లకు మాట పెగలదని ఎవరికి తెలుసు? ముప్పై రెండేళ్ళ మనిషిని పట్టుకుని పిల్ల ఏమిటంటారా? వాళ్ళమ్మ అలాగే అంటుంది మరి.

ఆసుపత్రుల నుంచి వచ్చే దుప్పట్లు మడతపెట్టడం ఆమె పని. సగం షిఫ్టు వరకు ఆ పనిలో ఆమెకు తిరుగులేదు. ఆ తర్వాత డ్రయ్యరు గంట మోగినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. సాయంత్రానికి మనిషి మనిషిలో ఉండదు. ఇంటికొచ్చి మంచం కింద దూరిందంటే మర్నాడు పనికి నాగానే. "పూర్తి షిఫ్టు చేస్తావా, సగం జీతానికి సగం షిఫ్టే చేస్తావా, ఏదో ఒకటి తేల్చుకో. ఈ నాగాలు ఇక కుదరవు" అని సూపర్వైజరు కుండబద్దలు కొట్టాడు. సగం జీతంతో తల్లీకూతుళ్ళకు ఇల్లు గడవదు. ఆటిజం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే భృతి తోడైతే ఎలాగో నెట్టుకురావచ్చు. ఆ భృతి కోసమే ఇద్దరూ ఆ వేళ డాక్టరు పరీక్షకు వచ్చి, వరండాలో పడిగాపులు పడుతున్నారు.

దిక్కుమాలిన వరండా. ట్యూబులైటు ఒకటి టపటపా కొట్టుకుంటోంది. బంట్రోతు తలుపు తీసి ఒకరిని పిలిచి వదిలేస్తే, అది దభీమని మూసుకుంటోంది. దొరసాని లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచి గోడ దాకా నడిచింది. వేళ్ళు గాలిలో ఊగుతున్నాయి.

"కాస్త కుదురుగా కూర్చోవే, అందరూ చూస్తున్నారు" అంది అమ్మ.

"వాళ్ళు చూడాలనే కదా వచ్చాం?"

అయినా అమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఆవిడకు అదే పని. ఎవరైనా వస్తే కళ్ళలోకి చూడు, నవ్వు, బాగున్నారా అను, చేతులు ఊపకు. కొట్టి కాదు, బతిమాలి బామాలి నేర్పింది. నలుగురి నోళ్ళు మూయించడానికి ఆవిడకు తెలిసిన దారి అదొక్కటే.

పిలుపు వచ్చింది. లోపలికెళ్ళగానే దొరసాని డాక్టరమ్మ కళ్ళలోకి చూసింది, నవ్వింది, "బాగున్నారా మేడమ్" అంది. చేతులు బుద్ధిగా ఒళ్ళో పెట్టుకుంది. ఖర్మ కాకపోతే ఏమిటి? ఉన్నది ఉన్నట్టుగా కనబడాల్సిన ఒకే ఒక్క చోట, నేర్చుకున్నదంతా పొల్లు పోకుండా అప్పజెప్పింది. కొత్త మనిషి ఎదురుపడితే అదంతా దానంతటదే వచ్చేస్తుంది. ఆపుకోవడం ఎలాగో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"తన వంట తను చేసుకుంటుందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఓ, బంగారంలా చేసుకుంటుందండీ" అంది అమ్మ.

చుట్టాల ముందూ ఇరుగుపొరుగు ముందూ అని అని నోటికి అలవాటైపోయిన మాట. అడగడమే ఆలస్యం, ఊడిపడింది.

"ఒంటరిగా బయటికి వెళ్తుందా?"

"భేషుగ్గా వెళ్తుందండీ."

"నలుగురితో కలుస్తుందా?"

"తన మానాన తనుంటుంది గాని, ఎవర్నీ పల్లెత్తు మాట అనదండీ."

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. "సంతోషమమ్మా. అయితే ఈమెకు భృతి అవసరం ఉన్నట్టు నాకు అనిపించడం లేదు."

అమ్మ మొహం పాలిపోయింది. తనేం చేసిందో అప్పుడు తెలిసొచ్చింది ఆవిడకు. దొరసానికీ అర్థమైంది. భృతి లేదంటే పూర్తి షిఫ్టే. సాయంత్రం దాకా ఆ గంట.

"అమ్మ అబద్ధం చెప్పింది" అంది. గొంతులో కోపం లేదు, దుప్పట్ల లెక్క ఒప్పజెప్పినట్టే ఉంది. "నేను వంట చెయ్యను. స్టవ్ వెలిగిస్తే భుస్సుమంటుంది, నాకు భయం. లాండ్రీకి తప్ప ఎక్కడికీ ఒంటరిగా వెళ్ళను. దానికి కూడా అమ్మ మలుపు దాకా వస్తుంది."

"మరి అమ్మ ఇంట్లో లేకపోతే?"

ఆమె నేల చూపులు చూసింది. నవ్వు ఎప్పుడో పోయింది. వేళ్ళు మళ్ళీ ఊగడం మొదలెట్టాయి. "అది చెప్పొద్దంది."

డాక్టరమ్మ అమ్మ వైపు తిరిగింది. అమ్మ మెటికలు విరుచుకుని, చివరికి నోరు విప్పింది.

"పోయినేడు నాకు ఆపరేషనైందండీ. వండి గిన్నెల్లో పెట్టి వెళ్ళాను. రెండ్రోజుల్లో వచ్చేస్తాననుకుంటే వారం పట్టింది. పక్కింటావిడ రోజూ తలుపు కొట్టిందట, ఇది తియ్యలేదు. నేనొచ్చేసరికి పెదాలు పగిలిపోయి ఉన్నాయి. వండినవి పాడైపోయినా అవే తింది. అవీ అయిపోతే పచ్చి పిండి నీళ్ళలో కలుపుకు తాగింది. ఈ సంగతి వేరే ఊళ్ళో ఉండే దీని అన్నకు కూడా చెప్పలేదండీ."

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"పిల్లను ఎంత బాగా పెంచావో అంటారండీ అందరూ." అంది ఆవిడ. "ఆ మాట పోగొట్టుకోలేక. నాకు సిగ్గుగా ఉందండీ."

డాక్టరమ్మ పెన్ను మూత తీసి చాలాసేపు రాసింది. భృతికి సిఫారసు చేస్తున్నానని, ఇక సగం షిఫ్టుకే వెళ్ళమని చెప్పింది. అమ్మ చేతులెత్తి దండం పెట్టింది. దొరసాని ఎవరి కళ్ళలోకీ చూడకుండా బయటికి వచ్చేసింది.

బయటికి వచ్చినా ఆమెకు ఊరట కలగలేదు. వరండాలో అమ్మ కంటే ముందు నడిచింది, ఆగింది, వెనక్కి వచ్చింది.

"మళ్ళీ ఆసుపత్రికి వెళ్తావా?" అని అడిగింది.

"నాకేమైందనే, గుండ్రాయిలా ఉంటేను. వెళ్ళను."

"నిజం చెప్పు."

అమ్మ ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంది. "ఏమో, తెలియదమ్మా" అంది.

ఆ మాట అమ్మ నోట ఆమె ఇంతకు ముందెప్పుడూ వినలేదు.

"అయితే నాకు స్టవ్ వెలిగించడం నేర్పు."

అమ్మ గబుక్కున వెనక్కి తిరిగి డాక్టరమ్మ తలుపు వైపు చూసింది, ఎక్కడ వినేసిందోనని. "నేర్పుతాలే" అంది గొంతు తగ్గించి.

"ఇవాళ కాదు" అంది దొరసాని. "ఇవాళ నావల్ల కాదు."