పెద్దబాపు టీవీలో అవ్వ మాట

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. నేను జనగామలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. కాలేజీలు మూతపడటంతో లాప్‌టాప్ సంచిలో వేసుకుని పెద్దవంగర దగ్గరున్న మా ఊరికి వచ్చేశాను. అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. నాన్న పోయి అప్పటికి చాలా ఏళ్లయింది.

నేను రావడానికి వారం ముందు మా దగ్గర వంటావార్పు జరిగింది. బండ్లు ఆపి, తారు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, జనమంతా అక్కడే వండుకుని తిన్నారు. వంటకు ముందు నిలబడింది అవ్వే. గరిటె చేత్తో పట్టుకునే మైకులో మాట్లాడింది కూడా. ఆమె మైకు పట్టడం అదే మొదటిసారి. సాయంత్రం టీవీ వార్తల్లో అవ్వ ముఖం రెండు క్షణాలు కనిపించిందట. మాట మాత్రం వినిపించలేదు. ప్రయాణికులు నానా అవస్థలు పడ్డారని దాని మీద ఎవరో చదివారట.

"నేను గంతసేపు మాట్లాడిన గద బిడ్డా. గదంత ఏమాయె?" అని అవ్వ నన్ను అడిగింది.

నాకు ఒళ్లు మండింది. ఆమె అడిగిన తీరులో కోపం లేదు, ఏదో వస్తువు ఎక్కడ పెట్టామో వెతుక్కున్నట్టు అడిగింది. అందుకే నాకు మరీ మండింది.

తొర్రూరులో పెళ్లి వీడియోలు తీసే భాయ్ ఒకాయన ఆ రోజంతా కెమెరాతో అక్కడే ఉన్నాడని తెలిసి వెళ్లాను. ఆయన పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "మీ అమ్మ మస్తు మాట్లాడింది బేటీ. నేను ఒక్క ముక్క గూడ కోయలే" అన్నాడు.

లాప్‌టాప్‌లో ఇద్దరు చూడొచ్చు. కానీ అవ్వతో కలిసి వండిన ఆడవాళ్లంతా చూస్తామన్నారు. మా ఇంట్లోది పాత డబ్బా టీవీ, నా లాప్‌టాప్ వైరు దానికి పట్టదు. పట్టే పలుచటి టీవీ ఊళ్లో ఒక్క పెద్దబాపు ఇంట్లోనే ఉంది. పెద్దబాపు అంటే నాన్నకు అన్న. ఇరవై ఎకరాల ఆసామి, మండలంలో పలుకుబడి ఉన్న మనిషి. అడిగితే, "తీస్కరా, అందరం చూద్దాం" అన్నాడు.

సమ్మెలో బొగ్గు గనులు కూడా బంద్ కావడంతో కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. మధ్యాహ్నం కరెంటు రాగానే పదిమందిమి వెళ్లాం. ఆడవాళ్లు కింద కూర్చున్నారు. పెద్దబాపు సోఫాలో కూర్చున్నాడు. వైరు ఒక కొస లాప్‌టాప్‌కు, ఒక కొస టీవీకి గుచ్చాను. నీలం తెర తప్ప ఏమీ రాలేదు.

"జనగామల పిలగాండ్లకు గిదేనా నేర్పేది?" అని పెద్దబాపు నవ్వాడు.

రిమోట్‌తో టీవీలో ఒక్కో ఇన్‌పుట్ మార్చి చూశాను. బొమ్మ వచ్చింది, మాట మాత్రం లాప్‌టాప్‌లోంచే సన్నగా వచ్చింది. సెట్టింగుల్లోకి వెళ్లి మాటను కూడా టీవీకి మళ్లించాను. అవ్వ గొంతు హాలంతా నిండింది.

"మా పొలాలు ఎండవట్టె. మా పోరగాండ్లకు నౌకర్లు లేకపాయె. మా గోస ఎవలకు చెప్పుకోవాలె? గందుకే మా రాజ్జెం మాగ్గావాలె."

కింద కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. పెద్దబాపు తల అడ్డంగా ఊపాడు. "మైకుల గూడ గిట్లనేనా మాట్లాడేది? జర సాఫుగ మాట్లాడితె టీవోళ్లు చూపెడుదురు గద" అన్నాడు.

ఓట్లు అడగడానికి వచ్చినప్పుడు ఆయన మాట్లాడేదీ ఇదే యాస. తెర మీద అవ్వ ఇంకా మాట్లాడుతోంది.

"రాష్ట్రమొస్తె సాలదు. వచ్చినంక మా అసొంటోళ్ల మాట వినాలె. మా ఊర్లెనే పెద్దమనుషులు..."

అంతలో పక్కనుంచి తెల్లచొక్కా చెయ్యి ఒకటి వచ్చి మైకు గుంజుకుంది. పెద్దబాపు. అప్పుడే కారు దిగి వచ్చినట్టున్నాడు, చొక్కా మడత కూడా నలగలేదు. అవ్వ ఒక్క క్షణం ఖాళీ చెయ్యి చూసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

పెద్దబాపు లేచి టీవీ నుంచి వైరు ఊడబీకాడు. "సాలు. కరెంటు ఎక్కువ తక్కువైతె టీవీ ఖరాబైతది" అన్నాడు.

"టీవోళ్లు కాదు పెద్దబాపు, అవ్వ నోరు ముందుగాల మూసింది నువ్వే" అన్నాను. ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు.

"సదువుకున్నవని నెత్తికెక్కింది నీకు" అన్నాడాయన.

నేను ఇంకేదో అనబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "పొయ్యొస్తం బావా" అని ఆయనకు చెప్పి నన్ను బయటకు తీసుకొచ్చింది. దారిలో నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

"మైకు ఎందుకు ఇడిసినవ్? పెద్దమనుషులు ఏం జేస్తున్నరని చెప్పబోయినవ్?"

"యాదికి లేదు."

అబద్ధమని తెలుసు. బాగా గుర్తుంది ఆమెకు. తాత పోయాక నాన్న వాటాకు వచ్చిన మడి ఎవరు దున్నుకుంటున్నారో ఊరంతటికీ తెలుసు.

మర్నాడు మళ్లీ తొర్రూరు వెళ్లాను. భాయ్ తన దుకాణంలోంచి అరచేతిలో పట్టే డబ్బా ఒకటి వెతికి ఇచ్చాడు. లాప్‌టాప్ బొమ్మను పాత టీవీకి పట్టేటట్టు మార్చేది అది. మా ఇంట్లోనే, రంగులు వెలిసిపోయినా, ఆ వీడియో మొదటి నుంచి చివరి దాకా అందరం చూశాం. పెద్దబాపు చెయ్యి వచ్చినచోట నేను ఆపబోతే అవ్వ వద్దంది. తర్వాత తెర మీదికి వేలు చూపించి, "అన్నం అడుగంటుతున్నది, ఒక్కలన్న చూస్తలేరు" అంది. ఆడవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రాష్ట్రం వచ్చిన నాడు మండలం వేదిక మీద పెద్దబాపు దండలతో కూర్చున్నాడు. సాయంత్రం మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అవ్వ కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చింది. నేను లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. ఇంటికొచ్చిన మనిషి ముందు తలుపు వెయ్యొద్దని అవ్వ ఇప్పటికీ అంటుంది. వేసినందుకు నేను ఇప్పటికీ బాధపడటం లేదు.