ఉగ్గాని కూపన్లు

"ఆ హోటలే మూసేసినారు గదత్తా, ఇంగ ఈ కూపన్లు ఏంటికి? పారేస్తా" అంది కోడలు.

"పారేయనీకి నీవి కాదు. ఈడ పెట్టు."

"తిందాం రాయే అని మామ ఎన్నిసార్లు అడిగినాడు? ఇంట్లో రొట్టె ఉండంగ హోటలేంటికంటివి. ఇప్పుడు నీ బీరువాకు తినిపించు."

ఆ కూపన్లు నా భర్తకు ఆయన పనిచేసిన ఆదోని పత్తి మిల్లు యజమాని కిందటి దీపావళికి ఇచ్చినవి. ఆదోని బస్టాండు దగ్గరి హోటల్లో చూపిస్తే టిఫిన్ పెడతారు. ఆయనకు అక్కడి ఉగ్గాని, బజ్జి ఇష్టం. ఎండాకాలంలో ఆయన పోయాడు. మా ఇంట్లో, పోయినవాళ్లకు మొదటి పెద్దల అమావాస్యనాడు వాళ్ల కష్టంతో వచ్చినదొకటి ఆకులో పెట్టాలి. ఆ కూపన్లతో ఉగ్గాని తెచ్చి పెడదామనుకున్నాను. అమావాస్య రేపనగా ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి పోతే హోటల్‌కు తాళం, బోర్డు కూడా పీకేశారు.

"ఇంగో హోటల్లో తెస్తాలే అత్తా" అంది కోడలు, గొంతు తగ్గించి.

"అది మీ మామ కష్టం కాదు" అన్నాను.

తెల్లారి నేనే బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేశాను. కోడలు బజ్జీలు వేసింది. ఆకులో వడ్డించాక, నేను చెప్పకుండానే కూపన్లు తెచ్చి ఆకు పక్కన పెట్టింది. కాకి వచ్చి ఉగ్గాని తిని పోయింది. కూపన్లు తీసి మళ్లీ బీరువాలో పెట్టాను.