గొంతు వినందే తాళం ఇవ్వడు

మా మావయ్య ఎదురుగా ఉన్న మనిషిని కూడా గొంతు వినందే నమ్మడు.

అలిగి మాట్లాడటం మానేసిన రోజున అత్తయ్య గుమ్మం బయట గంటసేపు వానలో నిలబడింది. చివరికి తిట్టింది. తిట్టు వినగానే తలుపు తీశాడు.

ఫ్యూజన్ కేంద్రంలో రేడియేషన్ భద్రత ఆయన పని. యంత్రమున్న హాల్లోకి వెళ్ళేవాళ్ళు బోర్డు మీంచి తమ ఇత్తడి బిళ్ళ తీసుకెళ్తారు. బయటికొచ్చి తగిలిస్తారు. బిళ్ళలన్నీ చేరితే హాలు ఖాళీ అని లెక్క. మావయ్య మాత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాడు. సహాయకుడిగా పక్క కుర్చీలో ఉన్న నాకూ చేస్తాడు. అందరి గొంతులూ విన్నాకే యంత్రం నడిపే తాళం డైరెక్టరుకి ఇస్తాడు.

"ఇక్కడే ఉన్నాను కదా మావయ్యా!"

"ఫోన్లో చెప్పు."

ఎందుకింత భయమని అడిగాను.

"కలయికలో రెండు కణాలు పుడతాయిరా. ఆల్ఫా కణం బుద్ధిమంతురాలు. ఛార్జి ఉంది, అయస్కాంతం మాట వింటుంది. లోపలే తిరిగి ప్లాస్మాను వేడి చేస్తుంది. న్యూట్రాన్‌కి ఛార్జి లేదు. అయస్కాంతం మాటా వినదు, డైరెక్టరు మాటా వినదు. దూసుకొచ్చి, తగిలినచోట గామా కిరణాలు పుట్టిస్తుంది. మనకి కాంక్రీటు గోడ అడ్డం. గోడకి అవతల ఎవరైనా మిగిలిపోతే?"

ఆ రోజు, న్యూట్రాన్లు జోరుగా పుట్టించే ట్రిటియం ఇంధనంతో మొదటి ప్రయోగం. బిళ్ళలన్నీ చేరాయి. అందరూ పలికారు, వెల్డరమ్మ తప్ప.

"బిళ్ళ ఉందిగా!" అన్నాడు డైరెక్టరు.

"ఉందండీ. గొంతు లేదు."

"అయస్కాంతాలు వేడెక్కుతున్నాయి. మూడు నిమిషాలు దాటితే ఇవాళ్టికి ఇంతే. తాళం ఇవ్వండి!"

మావయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. మోగింది. మోగుతూనే ఉంది. రెండు నిమిషాలు మిగిలాయి. ఒకటి. తాళం జేబులో వేసుకుని హాలు వైపు నడిచాడు. నేనూ వెంట వెళ్ళాను.

యంత్రం వెనక, పైపుల సందులో, చెవులకు డిప్పలు బిగించుకుని ఆవిడ అతుకు రుద్దుతోంది. భుజం తడితే ఉలిక్కిపడింది. ఫోను బయట కోటులో ఉందట. బిళ్ళను పనిముట్ల పెట్టెలో పడేసిందట. ఆ పెట్టె బయటికి మోసుకొచ్చిన ఫిట్టరు, బిళ్ళ చూసి, ఆవిడా వచ్చేసిందనుకుని తగిలించేశాడు.

ఫిట్టరు పరిగెత్తుకొచ్చాడు. "మా ఉద్యోగాలు పోయినట్టేనా అండీ?" అంది వెల్డరమ్మ.

"రేపట్నుంచి ఎవరి బిళ్ళ వాళ్ళ మెడలో ఉండాలి. వినపడిందా?"

ఇద్దరూ తలూపారు.

"నోటితో చెప్పండి!"

ప్రయోగం మర్నాటికి పడింది. రిజిస్టరులో 'ఆలస్యానికి కారణం' అన్నచోట మావయ్య రాశాడు: భద్రతాధికారి చాదస్తం.

డైరెక్టరు అది చదివాడు. వెల్డరమ్మను చూశాడు. ఫిట్టరును చూశాడు. పెన్ను తీశాడు.

"దీనికి సాక్ష్యం అక్కర్లేదు," అంటూ సంతకం పెట్టాడు.