మాచర్ల లాడ్జీ పెట్టెలో ఇంగ్లీషు పాట

ఆ రోజుల్లో ఇంగ్లీషు పాట అర్థమైతే దానికి విలువ ఉండేది కాదు. ఒక్క ముక్క అర్థం కాకుండా తల ఊపగలిగినవాడే గొప్పవాడు. నేను అందరికన్నా గొప్పగా ఊపేవాణ్ణి. ఎనభైల నడిమి సంవత్సరాలవి. డిగ్రీలో ఒకే ఒక్క పేపరు రెండుసార్లు తప్పి (అవును, ఇంగ్లీషే) నరసరావుపేటలో ఒక రేడియో రిపేరు కొట్టులో పనికి కుదిరాను. కొట్టు యజమానిని ఊరంతా రేడియో భాయి అనేది. ఆయన చెడిపోయిన రేడియోను చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, వైద్యుడు నాడి చూసినట్టు చూసేవాడు. నన్ను ఏనాడూ పేరుతో పిలవలేదు. "ఒరేయ్ డిగ్రీ" అనేవాడు. రాని డిగ్రీని రోజుకు యాభైసార్లు గుర్తుచేయడం ఆయన ఉద్దేశం కాదు, పాపం, గౌరవంగానే అనేవాడు.

ఒకసారి భాయి మాచర్లలో ఏదో లాడ్జీకి ఫ్యాన్లు బాగుచేయడానికి వెళ్లి, తిరిగి వస్తూ బస్సు మీద ఒక ఇనపపెట్టె వేసుకొచ్చాడు. ఎన్నో యేళ్ల కిందట నాగార్జునకొండ చూడటానికి వచ్చిన తెల్లదొర ఒకడు రెండు రోజుల్లో వస్తానని ఆ పెట్టె వదిలి వెళ్లి, మళ్లీ రాలేదట. అడ్డంగా ఉంది తీసుకుపొమ్మని లాడ్జీవాళ్లు భాయికి ఇచ్చేశారు. అందులో పెద్ద పెద్ద పూల చొక్కా ఒకటి, చుట్టూ రేకు బిళ్లలున్న కంజిర ఒకటి, నలుగురు జులపాల మనుషులున్న ఫోటో, ఫోటో మీద నాలుగు గెలుకుడు సంతకాలు, అట్టడబ్బాలో చక్రానికి చుట్టిన స్పూలు టేపు ఒకటి ఉన్నాయి. కొట్టు వెనకింట్లో ఉండే భాయి భార్యను మేమంతా చాచీ అనేవాళ్లం. ఆమె చొక్కాను కుట్టుమిషను మీద కప్పింది, కంజిరను పెరట్లో కోళ్లను తోలడానికి పెట్టుకుంది. ఫోటోలోని నలుగురినీ మాత్రం నేను గుర్తుపట్టాను. ప్రపంచమంతా వెర్రెత్తిపోయిన బృందం అది. పేరు చెప్పను గానీ, మీరు వినే ఉంటారు.

ఆ వారంలోనే గ్రంథాలయంలో ఒక ఇంగ్లీషు పత్రిక తిరగేస్తుంటే, ఆ బృందం వాళ్ల పాత రికార్డింగులు కొన్ని ఎక్కడో పోయాయనీ, వాటి కోసం వెతికేవాళ్లలో హైదరాబాదు ఆయన ఒకరున్నారనీ చదివాను (నాకు అర్థమైనంతవరకు). నిఘంటువు పక్కన పెట్టుకుని ఉత్తరం రాశాను. వారం తిరక్కుండా కొట్టుకు టెలిగ్రాం వచ్చింది. టెలిగ్రాం అనగానే చాచీ వంట వదిలేసి పరిగెత్తుకొచ్చి, ఎవరు పోయారో తెలియకుండానే ఏడుపు అందుకుంది. "ఎవరూ పోలేదు చాచీ, టేపు జాగ్రత్త, వస్తున్నా అని ఉంది" అన్నాను. "టేపుకేమైందిరా? నిన్న కూడా బాగానే ఉందిగా!" అని ఆమె ఇంకాస్త కంగారుపడింది.

కంగారు పడాల్సింది నిజానికి నేను. ఎందుకంటే రెండు నెలల ముందు, భాయి శుక్రవారం నమాజుకు వెళ్లిన వేళ చూసి, కొట్టులోని పాత స్పూలు ఒకదాని మీద నా సొంత పాట రికార్డు చేసుకున్నాను. మాటలు ఇంగ్లీషు లాంటివి. తాళం నూనెడబ్బా మీద. ఆ స్పూలునీ, దొరగారి స్పూలునీ ఒకేలాంటి అట్టడబ్బాల్లో ఒకే అరలో పెట్టింది కూడా నేనే. ఏది ఏదో నాకే తెలియలేదు. వేసి చూద్దామంటే భాయి పక్కనే ఉంటాడు. నా పాట ఆయన చెవిన పడటం కన్నా మూడోసారి ఇంగ్లీషు తప్పడమే నయమనిపించింది.

హైదరాబాదు ఆయన జీన్స్ ప్యాంటుతో, నల్లకళ్లద్దాలతో దిగాడు. చంకలో ఒక క్యాసెట్టులోంచి ఇంకోదానికి పాటలెక్కించే కొత్త డబుల్ డెక్కు. "టేపు నిజమైనదైతే ఈ మిషన్ మీకే భాయ్ సాబ్" అన్నాడు. భాయి దాన్ని చూసిన చూపు నేను మరచిపోలేను. సినిమా హాలు పక్కన కొత్తగా పెట్టిన క్యాసెట్ల కొట్టులో అలాంటిదే ఉంది. మా గిరాకీ అంతా అటే పోతోంది. ఇంకో ఆరు నెలలు ఇలాగే సాగితే కొట్టు మూసి చిలకలూరిపేటలో ఏ మిల్లులోనో మోటార్లు చూసుకోవాలని భాయి చాచీతో అనడం నేను విన్నాను.

కొట్టులోని పాత స్పూలు మిషను మీద మొదటి స్పూలు పెట్టాం. గిటారు శ్రుతి చేస్తున్న చప్పుడు, ఎవరో దగ్గడం, నవ్వులు, ఇంగ్లీషులో గొణుగుడు. జీన్స్ సారు కాసేపు విని పెదవి విరిచాడు. "ఎవరో హిప్పీలు టైంపాస్ చేసుకున్నరు. ఇది కాదు" అన్నాడు. రెండోది పెట్టాం. నూనెడబ్బా మోగింది. కానీ ఆ గొంతు నాది కాదు! నూతిలోంచి ఎవరో మహానుభావుడు మూలుగుతున్నట్టు, బరువుగా, సాగుతూ వచ్చింది. నేను పాడింది మిషను వేగం మీట పైన, ఎక్కువ వేగంలో ఉన్నప్పుడు. ఆ మీట నెల కిందట విరిగి, మిషను నెమ్మది మీదే ఇరుక్కుపోయింది. జీన్స్ సారు అద్దాలు తీసేశాడు. కళ్లలో నీళ్లు. "మాటలే లేవు చూడండి. అంతా ఫీలింగే" అన్నాడు. మాటలు ఎందుకు లేవో నాకొక్కడికే తెలుసు.

డబుల్ డెక్కు వంక చూశాను. భాయి వంక చూశాను. ఆయన చేతిగుడ్డతో బల్ల తుడుస్తున్నాడు, కొత్త మిషనుకు చోటు చేస్తూ. నోరు మూసుకుంటే పోయేది. కానీ ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం (భయమేనేమో), "సార్, అది పాడింది నేను" అనేశాను.

భాయి బల్ల తుడవడం ఆపాడు. "ఏందిరా?" అన్నాడు.

"నువ్వు నమాజుకు పోయినప్పుడు పాడా భాయ్. ఆ డప్పు మన నూనెడబ్బాదే."

జీన్స్ సారు నన్ను పైనుంచి కిందిదాకా చూసి నవ్వాడు. "ఏదీ, పాడు తమ్ముడూ" అన్నాడు. పాడాను. నా సహజమైన గొంతు సన్నం, కొంచెం కీచు. రెండో చరణానికి పెరట్లో కోళ్లు చెల్లాచెదురయ్యాయి. సారు చెయ్యెత్తి ఆపేశాడు. "చాలు. టేపు ఇవ్వడం ఇష్టం లేకుంటే సీదా చెప్పండి, ఇన్ని అబద్ధాలు ఎందుకు?" అన్నాడు. భాయి మీట సంగతి చెప్పబోతూ మిషను మీద చెయ్యి వేయగానే, "ముట్టుకోవద్దు, టేపు తెగుతది!" అని అరిచాడు. స్పూలునీ, ఫోటోనీ పసిపిల్లల్లా గుండెకు హత్తుకున్నాడు. కుట్టుమిషను మీది చొక్కా కూడా అడిగాడు గానీ చాచీ ఒప్పుకోలేదు. "దుమ్ము పడుద్ది" అంది. డబుల్ డెక్కు బల్ల మీద పెట్టేసి, వద్దంటున్నా వినకుండా బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

భాయి నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నిజం చెప్పావు. ఆయన నమ్మలా. ఇప్పుడు మనం మోసం చేసినట్టా, చెయ్యనట్టా?" అని అడిగాడు. నాకు తెలియలేదు. నలభై యేళ్లయింది, ఇప్పటికీ తెలియదు. పది రోజులు ఆయన ఆ మిషనును ముట్టుకోలేదు. నా చేత ఉత్తరం రాయించాడు, 'పాడింది మావాడే, మీ మిషను భద్రంగా ఉంది, వచ్చి తీసుకుపోండి' అని. జవాబు వచ్చింది. తాను ఆ టేపును స్నేహితులకు వినిపించాననీ, అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారనీ, గాయకుడు ఆ సమయంలో గొప్ప దుఃఖంలో ఉన్నాడని తేలిందనీ రాశాడు. భాయి రెండుసార్లు చదివించుకుని, "అంత దుఃఖం ఏమొచ్చిందిరా నీకు?" అన్నాడు నిజమైన దిగులుతో. ఆ సాయంత్రమే డబుల్ డెక్కుకు కరెంటు ఇచ్చాడు. కొట్టు నిలబడింది. ఆ హిప్పీల స్పూలు మీద ఆ తర్వాత ఎవరో ఎరువుల కొట్టాయన మైకు ప్రకటన రికార్డు చేయించుకున్నాడు. అసలైన టేపు అదేనేమోనన్న అనుమానం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఇప్పుడు ఇంట్లో నేను కూనిరాగం తీస్తే మా ఆవిడ లేచి వెళ్లి కిటికీ మూస్తుంది. నేనేమీ అనుకోను. హైదరాబాదులో ఏ బీరువాలోనో ఇరవై యేళ్ల కుర్రవాడొకడు వేరేవాళ్ల పేరు మీద ఇంకా పాడుతూనే ఉండి ఉంటాడు. వాడి పాటకు కళ్లు తుడుచుకున్నవాళ్లు ఈ లోకంలో కొందరున్నారు. నాకు అది చాలు.