అంచు లేని నికెల్

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ఒకటి, కంప్యూటర్ తప్పు చెప్పదని. రెండోది, నాకంటే తక్కువ చదివినవాళ్లు నా పనిలో చెప్పగలిగేది ఏమీ ఉండదని. ఆ రెండూ ఒకే ఆదివారం మావయ్య ఇంట్లో అన్నం ముందు పోయాయి.

తొంభైల్లో మోవా అనే పేటలో మేనమామ ఇంట్లో ఉంటూ పరిశోధన చేసేదాన్ని. నా పని నికెల్‌ను కరిగించడం. (నిప్పు అక్కర్లేదు. పరమాణువులు ఒకదాన్నొకటి ఎంత దూరంలో ఎంత బలంగా లాగుతాయో, నెడతాయో ఒక సూత్రంగా రాసి, కొన్ని వందల పరమాణువుల దిమ్మను కంప్యూటర్‌లో వేడి చేయడమే.) అసలు నికెల్ పద్నాలుగువందల యాభై డిగ్రీల దగ్గర కరుగుతుంది. నాది పదిహేడువందలు దాటినా చెక్కుచెదరలేదు. సూత్రంలో అంకెలు నెలరోజులు మార్చి మార్చి చూశాను. "సోమవారానికి కరగకపోతే టాపిక్ మార్చేద్దాం" అన్నారు మా గైడుగారు. రెండేళ్ల శ్రమ పోతుందన్న బెంగతో నాకు ముద్ద దిగడం లేదు.

మావయ్య భన్‌పురి ఫ్యాక్టరీల పేటలో ఇనుము పోతపోసే మేస్త్రీ. చదువు ఎనిమిదో తరగతితో సరి. "ఏటయిందే అమ్మీ, తినవేటి?" అన్నాడు.

జాలిపడి వివరించాను. "కంప్యూటర్‌లో నా దిమ్మ ఒక ఊహా పెట్టెలో ఉంటుంది. దాని కుడివైపు బయటికెళ్లిన పరమాణువు ఎడమవైపు నుంచి లోపలికొచ్చేస్తుంది మావయ్యా. అలా చేస్తే లోహం నాలుగువైపులా అంతులేకుండా ఉన్నట్టు లెక్క."

"అయితే దానికి అంచూ గించూ ఏటీ నేదా?"

"లేదు."

"మరెక్కణ్ణుంచి కరుగుతాదే? మా భట్టీలో ఏ ముక్కయినా ముందు అంచుకాడే మెత్తబడతాది. అన్ని పక్కలా సుట్టాలే బిగించి అట్టుకుంటే, పాపం అదెలా కదుల్తాది?"

నవ్వేశాను. చేయి కడుక్కుంటుంటే ఆ నవ్వు ఆగిపోయింది. వెంటనే కాలేజీకి పరుగెత్తి, పాత అంకెలే పెట్టి, దిమ్మకు పైనా కిందా కాస్త ఖాళీ వదిలి అంచులు ఇచ్చాను. సోమవారం పొద్దుటికి నా నికెల్ పైవరస నుంచి మొదలుపెట్టి, ఇంచుమించు కరగాల్సిన డిగ్రీల దగ్గరే బుద్ధిగా కరిగిపోయింది.

థీసిస్ మొదటి పేజీలో, గైడుగారి పేరు కిందే మావయ్య పేరు రాశాను. "ఈయన ఏ యూనివర్సిటీ?" అని అడిగారాయన. "భన్‌పురి, సార్" అన్నాను. ఆయన నవ్వి సంతకం పెట్టారు. మావయ్య మాత్రం ఆ పేజీని చాలాసేపు చూసి, "ఇందల నానేటి సేసినానే, అన్నం తినమన్నాను గాని" అన్నాడు. ఆయన రుణం నాకు ఈనాటికీ తీరలేదు.

ఇప్పుడు నా దగ్గరికి కూడా కరగని లోహాలతో, పీక్కుపోయిన మొహాలతో పిల్లలు వస్తుంటారు. అంచు సంగతి తర్వాత అడుగుతాను. ముందు "అన్నం తిన్నావేటే?" అంటాను, అచ్చం మావయ్య గొంతుతో.