క్లచ్చి నా కాలికి అందిన ఏడు

మొన్న మా తమ్ముడి కొడుకు కొత్త కారు కొని, కొబ్బరికాయ కొట్టించి, నిమ్మకాయలు తొక్కించి, అదే ఊపులో మా ఊరొచ్చి "అత్తా, ఓ పాలి నువ్వు తోలి సూడు" అంటూ నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టేశాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషిని, వద్దురా అంటే వింటేనా! తీరా కూర్చుంటే తాళం పెట్టే చోటే లేదు, ఏదో బొత్తాం నొక్కాలిట. నొక్కానో లేదో నా ఎడమ కాలు దానంతటదే ముందుకి పోయి క్లచ్చి కోసం వెతుక్కోవడం మొదలెట్టింది. ఈ బళ్ళకి క్లచ్చే ఉండదట, గేర్లు వాటంతటవే మారిపోతాయట. వాడు పకపకా నవ్వుతున్నాడు, నా కాలు మాత్రం ఇంకా అక్కడ నేల తడుముతూనే ఉంది, నాకేమో ఉన్నపళంగా మా ఆయన గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి.

మాది గజపతినగరం నుంచి లోపలికి పోయే పల్లెటూరు. నేను బడిలో పిల్లలకి ఎక్కాలు చెప్పినదాన్ని, ఆయన వ్యవసాయం. ఊరికి పడమర గెడ్డ ఉంది, మా వైపు వాగుని అలాగే అంటాం, ఆ గెడ్డ దాటి ఎర్రమట్టి వాలు ఎక్కితే మా జీడితోట. పెళ్ళయిన కొత్తలో ఆయన సొంత చేతుల్తో గోతులు తీసి, కావిడితో నీళ్ళు మోసి పెంచిన తోట అది. జీడిపిక్కల బస్తాలు దింపడానికని కుర్రతనంలోనే వేలంలో ఒక పాత జీపు కొన్నారు, నాలుగు చక్రాలూ లాగే రకం. తర్వాత మోపెడ్ వచ్చింది, జీపు పశువుల సాలలో మూలపడింది, దాని మీదికి గడ్డిమోపులూ వెనక సీటులోకి కోళ్ళూ చేరాయి. గుడ్లు ఏరుకోవడానికి ఎక్కడం తప్ప దానితో నాకెప్పుడూ ఏ సంబంధమూ లేదు.

రెండువేల పది దాటాక నాలుగైదేళ్ళకి, నేను ఉద్యోగం విరమించిన ఏడే, ఆయనకి పక్షవాతం వచ్చి ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయాయి. కర్ర పట్టుకుని వాకిట్లో నాలుగడుగులు వేసేదాకా వచ్చారు గానీ, మోపెడ్ మాట దేవుడెరుగు. ఆ పైన, అదే ఏడు కార్తీకం రాకుండానే పెద్ద తుఫాను వచ్చి మా తోటలో సగానికి సగం చెట్లని వేళ్ళతో సహా పెకిలించి పడేసింది. నేను చూసొచ్చాను. చూసొచ్చి, ఆ గుట్ట మీదే ఒక బండ మీద కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని ఇంటికొచ్చాను. డాక్టరేమో ఇంకోసారి రక్తపోటు పెరిగితే మనిషి దక్కడన్నాడు. అందుకని ఊరంతా ఒక్క మాట మీద నిలబడ్డాం. ఆయన ఎవర్ని అడిగినా "తోటకేటి, సుబ్బరంగా ఉన్నాది బావా" అనే. నోట్లో నువ్వుగింజ నానని మా తమ్ముడు కూడా ఆ ఒక్క మాట కడుపులో దాచుకున్నాడంటే చూడండి.

అయినా ఆయన ఊరుకుంటేనా? పూత వేళకి తోట చూడాలి, తీసుకెళ్ళమని ఒకటే పోరు. కొండ మీది జనం జబ్బు చేసినవాళ్ళని డోలీ కట్టి దింపుతారు కదా, అలా నలుగురం మంచం మీద మోసుకుపోతామని మా తమ్ముడు నోరుజారాడు. ఆ రోజు ఆయనకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "ఒరే, మడిసిని నలుగురు మోసేది ఒక్కపాలే! ఆ మోత బతికుండగా నాకు వొద్దు!" అని కర్ర విసిరికొట్టారు. మర్నాడు పొద్దున్నే సాలలోకి పోయి, కోళ్ళని అదిలించి, జీపు మీది గడ్డి లాగించారు.

గజపతినగరంలో వెల్డింగు దుకాణం ఉన్న మా తమ్ముడు పనయ్యాక సాయంత్రాలు వచ్చేవాడు, తక్కిన పగలంతా జీపు బాగుచేసే పని నా నెత్తినే. ఆయన వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కర్రతో చూపించడం, నేను కొంగు బొడ్లో దోపుకుని పానా పట్టడం. బిగుసుకుపోయిన ఇంజన్లోకి ప్లగ్గులు విప్పి కిరసనాయిలు పోసి రోజుల తరబడి నానబెట్టాం. పెట్రోలు ట్యాంకు లోపలంతా తుప్పు, దాన్లో గులకరాళ్ళూ కిరసనాయిలూ వేసి ఇద్దరం ఊయల ఊపినట్టు ఊపాం. నా గోళ్ళలో నల్లటి గ్రీజు పోక, పెళ్ళిపేరంటానికి పసుపు రాయించుకోవాలన్నా సిగ్గయ్యేది. నాకు తెలియక సైజు తప్పిన పానా పడితే ఆయన తిట్టే తిట్టు ఇక్కడ రాయలేను. బళ్ళో నేను అందర్నీ తిట్టినదాన్ని, ఇంట్లో నాకే ఆ పాఠం జరిగింది. కానీ నిజం చెప్పొద్దూ, జబ్బు చేశాక ఉలుకూ పలుకూ లేక గోడ చూస్తూ పడుకున్న మనిషి మళ్ళీ అలా గొంతెత్తి తిడుతుంటే నా ప్రాణం లేచొచ్చేది.

అంతలోనే ఇంకో భయం. ఈ బండి కదిలిన రోజున ఆయన తోటకి పోతారు, పోతే చూస్తారు, చూస్తే ఏమైపోతారో? మర బిగిస్తున్నది నేనే, ఈ బండి కదలకపోతే బాగుండునని మొక్కుకుంటున్నదీ నేనే. అలా మింగలేక కక్కలేక ఆ చలికాలమంతా గడిపాను. అప్పట్లో మాకు కట్టెలకి మాత్రం కరువు లేదు, దొడ్డినిండా పేర్చి ఉండేవి, రోజూ ఆయన స్నానానికి పెద్ద కాగుతో నీళ్ళు కాచేదాన్ని.

చివరికి ఒకరోజు ఇంజను గురక పెట్టింది, దగ్గింది, సాల నిండా పొగ చిమ్మి ఆగకుండా ఆడింది. వీధి వీధంతా వచ్చి చూసింది. ఇక ఎడమ కాలు పనిచెయ్యదు కాబట్టి క్లచ్చిని చేత్తో నొక్కేలా స్టీరింగు పక్కన కుడివైపు ఒక ఇనప లివరు పెట్టమన్నారు. మా తమ్ముడు పెట్టాడు. కోసిన వరిచేలోకి బండిని తోయించి ఆయన్ని ఎక్కించాం. కుడిచేత్తో లివరు పట్టుకుంటే స్టీరింగు వదిలెయ్యాలి, స్టీరింగు పట్టుకుంటే లివరు వదిలెయ్యాలి, గేరు మార్చాల్సిన ఎడమ చెయ్యేమో ఒళ్ళో పడుకుని ఉంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా బండి ఒక్క ఉదుటున ఎగిరి ఆగిపోయింది. చివరికి ఆయన స్టీరింగు మీద తల ఆనించి, మా తమ్ముడి ముందే, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేనెన్నడూ చూడలేదు ఆయన ఏడవడం. అప్పుడు నా మనసులోని భయమంతా ఎటు పోయిందో గానీ, తోట కూలితే కూలింది, ఈ మనిషి ఇలా కూలకూడదు అనిపించింది.

తర్వాత నాలుగు రోజులు బావా బావమరిదీ నాకు చెప్పకుండా ఏదో గుసగుసలాడుకున్నారు. చూద్దును కదా, లివరు పీకేశారు, డ్రైవరు సీటు కోసి ముందుకి జరిపి మళ్ళీ అతికారు, క్లచ్చి పెడలుకి ఒక చెక్కదిమ్మ బోల్టులేసి బిగించారు. అయిదడుగులైనా లేని నా ఒడ్డూ పొడుగూ ఆయనకి తెలుసు కదా. నేను బిత్తరపోయి నిలబడితే, "ఏటే అలగ సూస్తన్నావు, ఎక్కు. నీ కాలికి అందుతాదో లేదో సూడు" అన్నారు. అందింది. అచ్చంగా అందింది. ఆ వయసులో ఆ చేలోనే, చెప్పుల్లేని కాళ్ళతో, గట్లెక్కించి, మడుల్లో దిగేసి, మొత్తానికి నేర్చుకున్నాను. టీచరమ్మ డ్రైవరమ్మ అయిపోనాదని ఆడాళ్ళంతా నవ్వుకున్నారు, నవ్వనీ అనుకున్నాను.

పూత పూర్తిగా విచ్చుకున్న రోజుల్లో ఒక పొద్దున ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. గెడ్డలో నీళ్ళు ఇరుసు దాకా వచ్చాయి. తర్వాత ఎర్రమట్టి వాలు, బండిచక్రాల గాడులు పడి అడ్డదిడ్డంగా ఉన్న దారి, చిన్న గేరులో బండి మూలుగుతూ ఎక్కుతుంటే దారి పొడుగునా ఆయన తిట్లే. నా కళ్ళు దారి మీదున్నా మనసంతా పైన రాబోయే మలుపు మీదే ఉంది. ఆ మలుపు తిరిగాక బండి ఆపి, ఆయన మొహం చూసే ధైర్యం లేక స్టీరింగునే చూస్తూ కూర్చున్నాను.

ఆయన మెల్లగా, కోపం లేకుండా, "నాకు తెల్దనుకున్నావేటే? ఇన్నాళ్ళూ నా తోట కట్టెల్తోనే కదే నాకు నీళ్ళు కాస్తన్నావు. ఆ పొగ నేనెరగనా?" అన్నారు.

నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఊరందరి నోళ్ళూ కట్టేసి, కూలిన చెట్లనే కొట్టించి దొడ్లో పేర్పించి, ఆయన కూర్చునే కుర్చీకి ఎదురుగానే ఆ మంట పెట్టాను. మరి తెలిసీ నన్నెందుకు నిలదీయలేదయ్యా అంటే, "అడిగితే నువ్వు ఏడుత్తావు, నువ్వేడిస్తే జీపు ఎవులు బిగిస్తారు?" అన్నారు. అప్పుడిక ఆగలేదు నాకు. ఆయన కుడిచెయ్యి నా వీపు మీద వేసి, నేను ఏడ్చినంతసేపూ అలాగే ఉంచారు. పడిపోయిన మానుల్లో కొన్ని, నేలమీదే పడుకుని, కొత్త చిగుళ్ళేసి పూత పట్టి ఉన్నాయి. నేను బండి దింపితే, వాటిని కర్రతో తట్టి చూస్తూ, ఎక్కడెక్కడ గోతులు తీయించాలో చెప్పడం మొదలెట్టారు.

ఆ వానల్లో అంటుమొక్కలు వేయించాం. వారం వారం జీపులో పోయేవాళ్ళం, పులిహోర కట్టుకుని, నీళ్ళబిందె వెనక పెట్టుకుని. కొత్త మొక్కలు మొదటి పూత పట్టడం ఆయన చూశారు. పిక్కలు ఏరే వేళకి లేరు. ఒక్కపాలే అన్నారు కదా, ఆ ఒక్కపాలూ నలుగురూ మోశారు.

ఆ తర్వాత గెడ్డ మీద వంతెన పడింది, వాలు మీద సిమెంటు రోడ్డు పోశారు. ఇప్పుడు తోట దాకా ఆటో పోతుంది, ఎవరూ దిగి నీళ్ళ లోతు చూడక్కర్లేదు, ఎవరూ చిన్న గేరు వెయ్యక్కర్లేదు, పక్కన కూర్చుని దారి చెప్పే మనిషితో ఎవరికీ పని లేదు. మంచిదే, కాదనను, జబ్బు మనిషిని ఎవరూ డోలీలో దింపే అవసరం లేకుండా పోయింది. ఒకప్పుడు ఆ దారిలో పొద్దు సగం గడిచిపోయేది, ఆ తిట్లతో, ఆ కుదుపులతో, ఏ బండరాయి దగ్గర ఎటు తిప్పాలన్న పోట్లాటతో. ఇప్పుడు కూర్చున్నది తెలియకుండానే తోటకి చేరిపోతున్నాను. అంత తొందరగా చేరి ఏం చెయ్యాలో మాత్రం నాకింకా తెలియడం లేదు.